ఆపరేషన్ తర్వాత మా ఆవిడకి జాకెట్లు కుట్టిన షాపు గురించి, కాస్త పొడుగు రివ్యూ

ముందే చెప్పేస్తా, షాపు పేరు రాయట్లేదు. రాద్దామనే అనుకున్నా గానీ మాస్టర్‌ని అడిగితే వద్దన్నాడు. "పేరు రాస్తే రేపట్నుంచి నా మెట్లెక్కే ప్రతి ఆడమనిషిని కింద చాయ్ బండి కాడోళ్ళు ఒక తీరుగ చూస్తరు సార్, ఆమె ఉత్త ఫాల్ కుట్టించుకోనీకె వచ్చినా సరే" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. హైదరాబాద్‌లో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు వచ్చే గల్లీల్లో ఒకటి, మొదటి అంతస్తు, అంతవరకే.

జాకెట్ల గురించి నీకేం తెలుసురా అనొచ్చు మీరు. ఏమీ తెలీదు నిజంగానే. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో జాకెట్లతో నా సంబంధం అంతా సుల్తాన్ బజార్‌లో మ్యాచింగ్ సెంటర్ బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకోవడమే. మొన్న ఏప్రిల్‌లో మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది, కుడివైపు, మొత్తం తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. ఆ తర్వాత కీమో. అప్పట్నుంచి నేను చాలా నేర్చుకున్నా, అందులో జాకెట్ ఒకటి.

మొదటి రెండు వారాలు బట్టల ఆలోచనే రాలేదు. పక్కన గొట్టం, దాని చివర బల్బులాంటి డబ్బా, అందులోకి గాయంలోంచి వచ్చే నీరు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కొలిచి పుస్తకంలో రాయాలి, రోజు మొత్తానికి 30 ఎమ్మెల్ కన్నా తగ్గితే తీసేస్తాం అన్నారు. స్నానం చేయించేటప్పుడు ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలీక నా ఆఫీస్ ఐడీ కార్డ్ ట్యాగ్ ఆమె మెడలో వేసి దానికి తగిలించా. "నన్ను కూడా మీ కంపెనీలో వేసుకున్నారా" అంది, ఆపరేషన్ తర్వాత మొదటి జోక్ అదే. డిశ్చార్జ్ రోజు ఇచ్చిన కాగితంలో అన్నీ ఉన్నాయి, మందులు, తిండి, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా రావాలి, ఆ చేతికి బీపీ చూడకూడదు సూది వేయకూడదు, గోడ మీద వేళ్ళు నడిపించే ఎక్సర్‌సైజ్ రోజూ చేయాలి, అన్నీ. ఇంట్లోంచి బయటికి వెళ్ళాలంటే ఏం కట్టుకోవాలి అనేది మాత్రం ఎక్కడా లేదు. వాళ్ళని తప్పు పట్టట్లేదు, వాళ్ళకి వాళ్ళ పని ఉంటుంది. నాకూ తట్టలేదు.

కోఠీలో ముందు జిప్ ఉన్న నైటీలు ఆరు కొన్నా. మూడు నెలలు వాటితోనే గడిచింది, పైన చున్నీ, హాస్పిటల్‌కి అదే, ఇంటికి చుట్టాలొస్తే అదే. మా ఆవిడ ఒక ప్రైవేట్ స్కూల్లో మ్యాథ్స్ టీచర్, అక్కడ చీర తప్పనిసరి. ఇరవై రంగుల చీరలు బీరువాలో ఉన్నాయి, ఒక్కదానికీ జాకెట్ లేదు. అంటే ఉన్నాయి, కానీ లేవు. చీర కట్టేవాళ్ళకి అర్థమవుతుంది, పైట ఎడమ భుజం మీదకి వెళ్తుంది కాబట్టి ఎడమవైపైతే చాలావరకు కప్పేస్తుంది, మాది కుడివైపు, అదే బయటికి కనపడే వైపు.

ఇక్కడ నా తెలివి గురించి కూడా చెప్పాలి. సర్ప్రైజ్ చేద్దామని ఆమెకి చెప్పకుండా ఆన్‌లైన్‌లో తీసేసిన రొమ్ము చోట పెట్టుకునే సిలికాన్‌ది ఒకటి ఆర్డర్ పెట్టా, నాలుగు వేల చిల్లర. వచ్చింది. ఎడమవైపుది. వాటిలో కుడి ఎడమ వేరే ఉంటాయని నాకేం తెలుసు, సైజు కూడా నా లెక్క ప్రకారం పెట్టా. ఆమె డబ్బా తెరిచి చూసి, మూసి, బీరువా మీద పెట్టేసింది. రాత్రి లైట్ తీసేశాక "ఒక్క మాట అడగాల్సింది కదండీ" అంది. అంతే. తిట్టినా బాగుండేది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, పైగా గాయం పూర్తిగా మానేదాకా, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఆ బరువువి పెట్టుకోకూడదట, అది కూడా తర్వాతే తెలిసింది.

తర్వాత మా ఇంటి దగ్గర పదేళ్ళుగా కుట్టే టైలర్ దగ్గరికి వెళ్ళాం (ఇది వేరే షాపు). ఆయన అలవాటు ప్రకారం చెయ్యి చాచి "ఆది జాకెట్ ఇవ్వండి మేడం" అన్నాడు. ఆమె కూడా అలవాటు ప్రకారమే సంచిలోంచి పాత జాకెట్ తీసింది. తీసి, చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడింది. ఆ కొలత ఇప్పుడు ఆమెది కాదు కదా. మళ్ళీ సంచిలో పెట్టేసి మెల్లగా విషయం చెప్పింది. ఆయన చెడ్డోడు కాదు, కంగారు పడ్డాడంతే, కానీ ఆ కంగారులో "ఏ సైడ్ తీసేశారు?" అని గట్టిగా అడిగేశాడు, పక్కన ఇద్దరు కస్టమర్లు. మేం బయటికొచ్చేశాం. బండి మీద వెనక కూర్చుని ఇల్లొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ షాపు సంగతి చెప్పింది కీమో డేకేర్‌లో పక్క కుర్చీ ఆవిడ. మందు ఎక్కేటప్పుడు మూడు నాలుగు గంటలు అక్కడే కదా, పేషెంట్‌కి వాలు కుర్చీ, మనకి ప్లాస్టిక్ స్టూలు. అసలు పనికొచ్చే విషయాలన్నీ ఆ స్టూళ్ళ మీదే తెలుస్తాయి, ఏ పప్పు అరుగుతుంది, నోరు పూస్తే ఏం పుక్కిలించాలి, విగ్గు ఎక్కడ మంచిది. అప్పుడు మాకు ఎర్ర మందు నడుస్తోంది, మూడు వారాలకొకటి నాలుగు సార్లు, ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, ముందే చెప్పకపోతే గుండె ఆగిపోద్ది. ఆ పక్కావిడ చక్కగా చీర కట్టుకుని వచ్చింది, తలకి జాకెట్ గుడ్డతోనే కుట్టిన టోపీ. మా ఆవిడ మందు సంగతి మర్చిపోయి ఆ జాకెట్‌నే చూస్తోంది. చివరికి అడిగేసింది. ఆవిడ నంబర్ ఇవ్వలేదు, దారి చెప్పింది.

ఇక షాపు. మెట్లు నిటారుగా ఉంటాయి, పద్నాలుగు, లెక్కపెట్టా, ఎందుకంటే కీమో అయిన పదో రోజు, సగంలో కూర్చోవాల్సి వచ్చింది. పైన ఒకే గది, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ టేబుల్, మూలకి పరదా. మాస్టర్ కటింగ్ చేస్తాడు, కొలతలు తీసేది ఆయన భార్య, అందరూ భాబీ అంటారు కాబట్టి నేనూ భాబీనే అంటా. వెళ్ళగానే మేమేం చెప్పలేదు. భాబీ చున్నీ, నైటీ, ఆ చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకున్న తీరు చూసింది, మాస్టర్ లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి బయట గ్రిల్‌కి టేపు తగిలించాడు. టేపు వేలాడుతోందంటే లోపలికి రావద్దని ఆ గల్లీలో అందరికీ తెలుసట. నన్ను చూసి "సార్, మీరు కింద చాయ్ తాగి రాండ్రి" అన్నాడు. నేను కదిలేలోపే మా ఆవిడ "ఉండనివ్వండి, డ్రెస్సింగ్ అంతా ఆయనే చేశాడు" అంది. నేను ఇస్త్రీ టేబుల్ పక్కన నిలబడ్డా.

భాబీ ఆది జాకెట్ అడగలేదు. ఏం పని చేస్తరమ్మా అని అడిగింది. టీచర్ అంటే ఏం చెప్తరు, బోర్డు మీద రాస్తరా, రోజుకి ఎన్ని క్లాసులు అని అడిగి, కటింగ్ టేబుల్ మీది టైలర్ చాక్ తీసి చేతిలో పెట్టి "ఆ గోడ మీద రాయి" అంది. నీలం పెయింట్ గోడ. మా ఆవిడ నా వైపు చూసింది. రాయమ్మా, క్లాసు అనుకో. ఆమె వెళ్ళి, మెల్లగా చెయ్యి ఎత్తింది, భుజం దాటాక మొహం బిగుసుకుంది, అయినా రాసింది, ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు, అక్కడ్నుంచి వరస కిందికి జారిపోయింది. బ్లాక్ బోర్డ్ మీద గీత గీసినట్టు రాసే మనిషి. భాబీ ఆ చెయ్యి పైన ఉండగానే చంక దగ్గర, వీపు దగ్గర, పక్కన టేపు పెట్టి కొలిచింది. చేతులు కిందికి దించి తీసే కొలత ఫోటోకి పనికొస్తది అమ్మా, పనికి పనికిరాదు అంది. డాక్టర్లు ఫిజియో వాళ్ళు నాలుగు నెలల్లో చెప్పని మాట అది, లేదా చెప్పారేమో మాకు ఎక్కలేదు.

కుట్టిన జాకెట్ ఎలా ఉందో చెప్తా, మీ ఊళ్ళో ఇలాంటివాళ్ళు దొరక్కపోతే మీ టైలర్‌కి మీరే చెప్పి చేయించుకోవచ్చు. ముందు హుక్కులే, వెనకవి అసలొద్దు, చెయ్యి వెనక్కి పోదు. లోపల మెత్తటి పాత కాటన్ లాంటి లైనింగ్, కుట్టు అంచులు ఒంటికి తగలకుండా లైనింగ్‌కీ గుడ్డకీ మధ్యలోకి తోసేసింది, గాయం గీత మీదుగా డాట్ గానీ కుట్టు గానీ రాకుండా కటింగే మార్చాడు మాస్టర్. కటోరీ (ముందు భాగం గిన్నెలా విడిగా కత్తిరించి అతికే కటింగ్) అడిగితే నక్కో, వద్దు అన్నాడు, ఆ కుట్టు సరిగ్గా గీత మీద కూర్చుంటదట. లైనింగ్‌కి లోపల రొమ్ము చోట దిండులాంటిది పెట్టుకోడానికి జేబు, రెండు వైపులా కుట్టింది, ఒకవైపే కుడితే బరువు తేడా వచ్చి జాకెట్ లాగుతదని. జేబు నోరు పక్కకి, చంక వైపు, ఎడమ చేత్తో పెట్టుకునేలా. కుడి చెయ్యి అంచు దగ్గర బిగుతు అసలు లేదు, మామూలు కన్నా ఒక ఇంచు లూజు. ఇది ఫ్యాషన్ సంగతి కాదు, చంకలో గడ్డలు తీశాక ఆ చేతికి నీరు పట్టే అవకాశం ఉంటుంది, టైట్ అంచులు ఎలాస్టిక్కులు వద్దని మాకు హాస్పిటల్లో కూడా చెప్పారు. ఇంకోటి, పక్క కుట్టులో రెండు ఇంచుల గుడ్డ లోపలికి వదిలింది. ఎందుకంటే కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్లకి ఒళ్ళు వస్తది, అయిపోయాక తగ్గుతది, ప్రతిసారీ కొత్త జాకెట్ ఎవరు కుట్టిస్తరు అంది. నిజంగానే మా ఆవిడ ఐదు కిలోలు పెరిగింది.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు అంటే భాబీ వాళ్ళ అక్కకి కొన్నేళ్ళ కింద ఇదే వచ్చింది, రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జే. క్యాన్సర్ హాస్పిటల్లో చూపించారు. మొదటి జాకెట్ ఆమెకే కుట్టింది, అది మూడుసార్లు పాడైంది, నాలుగోది కుదిరింది. అక్క సంగతి మేం ఇంకా అడగలేదు, ఆమె చెప్పలేదు.

జేబులోకి ఏం పెట్టాలి అనేది పెద్ద గొడవ. నా నాలుగు వేల ఎడమ సిలికాన్ ఎలాగూ వేస్ట్. భాబీ దూదితో చిన్న దిండు కుట్టి ఇచ్చింది, కానీ తేలిగ్గా ఉండి పైకి పైకి వచ్చేసేది, నడుస్తుంటే మెడ దగ్గరికి. దానికి మందు మా అత్తయ్య చెప్పింది. పుట్టిన పిల్లలకి తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుడతాం కదా, అట్ల గింత ఆవాలు పొయ్యండి అంది. భాబీ ఎగిరి గంతేసినంత పని చేసింది. దూది మధ్యలో చిన్న ఆవాల సంచి, కిచెన్ కాటా మీద తూచుకుంటూ పోశాం, రెండో వైపుకి తగ్గట్టు, రెండు వందల గ్రాముల పైన వచ్చింది. బరువు ఉండాలిట, లేకపోతే ఒక భుజం పైకి లేచి వీపు నొప్పి వస్తుంది, ఈ మాట తర్వాత డాక్టర్ కూడా ఒప్పుకున్నారు. ఒక జాగ్రత్త, ఉతికేముందు ఆ సంచి తీసేయాలి. ఇంట్లో ఇప్పుడు బట్టలు నావే డ్యూటీ, తీయకుండా బకెట్‌లో నానబెట్టి మర్చిపోయా, రెండో రోజు ఆవాలు మొలకెత్తాయి. మా ఆవిడ అది ఫోటో తీసి వాళ్ళ స్టాఫ్ గ్రూప్‌లో పెట్టింది. నన్ను తిట్టుకుంటూనే పెట్టింది గానీ, ఆపరేషన్ తర్వాత ఆ గ్రూప్‌లో ఆమె పెట్టిన మొదటి మెసేజ్ అదే, అప్పటిదాకా వచ్చినవి చూసి వదిలేసేది.

అత్తయ్య ప్రస్తావన వచ్చింది కాబట్టి గాజుల గొడవ కూడా. హాస్పిటల్లో చెయ్యి వాస్తే ఇబ్బంది అని కుడిచేతి గాజులన్నీ తీసేశారు. ముత్తైదు చెయ్యి బోసిగ ఎట్లుంటదిరా అని ఆమె ఒకటే బాధ, నాతోనే, కూతురితో అనలేక. భాబీ జాకెట్ చేతికి మిగిలిన జరీ అంచు మెలికలు తిప్పి కుట్టింది, దూరం నుంచి చూస్తే గాజులేసుకున్నట్టే ఉంటది. అత్తయ్య దాన్ని పట్టుకు చూసి ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు బాలేనివి. టైమ్ అస్సలు నమ్మొద్దు. మంగళవారం అంటే వచ్చే సోమవారం. మాకు మొదటి రెండు జాకెట్లకి పదకొండు రోజులు పట్టింది, మధ్యలో నేను నాలుగుసార్లు వెళ్ళా, ఒకసారి మాస్టర్ పెళ్ళికి పోయాడు, ఒకసారి మిషన్ బెల్ట్ తెగింది. శ్రావణమాసం పెళ్ళిళ్ళ సీజన్లో, రంజాన్ చివరి పదిరోజుల్లో వెళ్ళినా దండగే. పార్కింగ్ లేదు, మెయిన్ రోడ్ మీద బండి పెట్టి నడవాలి. మెట్ల సంగతి చెప్పా కదా, నీరసంగా ఉన్న రోజు తీసుకెళ్ళకండి, నేను తర్వాత అడిగితే భాబీ కిందికి దిగి ఆటోలోనే ట్రయల్ చూసింది కూడా, కానీ అది మనం అడగాలి. రెండో జాకెట్ కుడివైపు చిన్న ముడత వచ్చింది, విప్పి మళ్ళీ కుట్టారు, సారీ మాత్రం చెప్పలేదు, "గుడ్డ అట్లుంది సార్" అన్నాడు. ప్రతి టైలరూ గుడ్డనే అంటాడు.

రేటు అయితే మామూలు లైనింగ్ జాకెట్ 500, జేబులకి 150 ఎక్స్‌ట్రా, దిండు డబ్బులు తీసుకోలేదు, ఆవాలు మీవే కదా అని నవ్వింది. టోపీ మిగిలిన గుడ్డతో ఫ్రీ. కార్డ్ తీసుకోరు, ఫోన్ పే ఉంది గానీ లోపల సిగ్నల్ ఉండదు, మెట్ల దగ్గరికొచ్చి కొట్టాలి. ఆ ఆన్‌లైన్ డబ్బాకి పోసిన డబ్బుల్లో ఆరు జాకెట్లు అయ్యేవి.

ఎర్ర మందు నాలుగూ అయ్యాక వారం వారం ఇచ్చే రెండో మందు మొదలైంది, పన్నెండు వారాలు. వాంతులు తగ్గాయి గానీ కొన్ని వారాలకి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోవడం మొదలైంది, సూదులు గుచ్చినట్టు, చిన్న వస్తువు పట్టుకుంటే తెలీదు. ఆ మందుకి అది మామూలే అన్నారు, డాక్టర్‌కి మాత్రం ప్రతిసారీ చెప్పాలి. దాంతో హుక్కులు పెట్టుకోలేకపోతోంది. పొద్దున నేను పెడుతున్నా, ఐదు హుక్కులు, నా లావు వేళ్ళకి మొదట్లో పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు రెండు. ఆమెకి అది ఇష్టం లేదు. సొంతంగా వేసుకోవాలి అంటుంది, నేనేమో నేనున్నాగా అంటా, ఈ విషయంలో మాకు రోజూ చిన్న గొడవ. నాకు లేటుగా అర్థమైంది ఏంటంటే సాయం చేయడం అంటే ప్రతిదీ నేను చేసేయడం కాదు, హుక్కుల బదులు ఇంకేదైనా ఉందేమో వెతకడం కూడా సాయమే. పోయిన శనివారం అన్ని జాకెట్లూ సంచిలో వేసుకుని మళ్ళీ వెళ్ళాం.

మాస్టర్ హుక్కులు తీసేసి పైకి ఉత్తుత్తి గుండీలు, లోపల అతుక్కునే పట్టీ వేస్తా అన్నాడు, నొక్కితే చాలు, చూసేవాళ్ళకి తెలీదు. జాకెట్‌కి 60. పోతే పోయింది. త్వరలో 15 సిట్టింగులు రేడియేషన్ కూడా ఉంది, అప్పుడు ఆ చోట చర్మం నల్లబడి మంట పుడుతుంది, దిండు గిండు ఏం పెట్టుకోవడం కుదరదు, కాబట్టి జేబుల్లేకుండా వదులుగా రెండు మెత్తటి మల్ కాటన్ జాకెట్లు కూడా చెప్పాం. నవంబర్‌లోపు కావాలి అన్నా, "నవంబర్‌ల ఇస్తా" అన్నాడు. తేడా గమనించారా.

గోడ మీద మా ఆవిడ రాసింది అలాగే ఉంది. దాని పక్కన ఇప్పుడు ఇంకో మూడు నాలుగు ఉన్నాయి, ఎవరివో, ఒకరు ఉత్త గీత గీశారు, ఒకరు ఓం రాశారు, ఒకరు ఉర్దూలో ఏదో, ఒకటి మాత్రం చాలా కిందకి, నడుం ఎత్తులో ఉంది. మా ఆవిడ కాసేపు దాన్నే చూసింది. తర్వాత చాక్ అడిగి తీసుకుని, మా ఇంట్లో గోడకి పెన్సిల్ గీతలు పెట్టుకుంటూ నాలుగు నెలలు చేసిన ఎక్సర్‌సైజ్ అంతా కూడదీసుకుని చెయ్యి ఎత్తి, పాతదానికి జానెడు పైన, ఆ రోజు వదిలేసిన లెక్క మొత్తం పూర్తి చేసింది. ఎ స్క్వేర్ ప్లస్ టూ ఎబి ప్లస్ బి స్క్వేర్. వరస తిన్నగానే ఉంది, బి దగ్గర కొంచెం వణికింది.

నేను ఫోన్ తీసేలోపే భాబీ టేపు తీసింది. ఆ చెయ్యి పైన ఉండగానే చంక కొలిచి మాస్టర్ వైపు తిరిగి ఏదో అంకె చెప్పింది. మాస్టర్ సంచిలో జాకెట్లన్నీ మళ్ళీ బయటికి తీసి, "అన్నీ చంకలు విప్పాలె సార్, ఒక్కోదానికి ఇంకో నలభై అయితది" అన్నాడు.